మిషన్ ఆదివారం కానుక నల్గొండ మేత్రాసనంలోనే (కతోలిక బిషప్ పరిధిలోనే) ఉంటుందా?

ఉండదు, అక్టోబరు చివరి నుంచి రెండో ఆదివారం పూజలో వేసే ఆ కానుక మొత్తం ప్రపంచ మిషన్ (సువార్త ప్రచార) నిధికే పోతుంది. విచారణ (ఊరి చర్చి పరిధి) నుంచి బిషప్ హౌస్‌కు, అక్కడి నుంచి మిషన్ సంఘాల జాతీయ కార్యాలయానికి చేరుతుంది, ఏ దేశానికి ఎంతన్నది రోమ్‌లో నిర్ణయిస్తారు.

కారణం ఏంటంటే, ప్రతి మేత్రాసనం ఏటా మిషన్ల కోసం కానుక పంపాలని చర్చి చట్టంలోనే ఉంది. ఈ ఆదివారాన్ని 1926లో పోప్ 11వ పయస్ మొదలుపెట్టారు. విడివిడిగా పంపితే పరిచయాలున్న చోటికే డబ్బు చేరుతుంది, అడిగే దిక్కులేని చోట్లు అలాగే మిగిలిపోతాయి, అందుకే ఒకే నిధి.

ఉదాహరణకు దేవరకొండ వైపు ఒక కూలి తల్లి వేసిన 20 రూపాయలు ఆఫ్రికాలో ఉపదేశి (విశ్వాస పాఠాలు చెప్పేవారి) శిక్షణకో, చిన్న గుడి కట్టడానికో కలవచ్చు. ఆ 20 చిన్నదేం కాదు.

చాలామంది పొరబడేది ఇక్కడే: "మనదే పేద మేత్రాసనం, మనం ఇవ్వడమేంటి, విదేశాల వాళ్లే ఇవ్వాలి కదా" అంటారు. 1976లో ఏర్పడిన నల్గొండ కూడా మిషన్ ప్రాంతమే, ఆ నిధి నుంచి సాయం అడగగలదు కూడా. అయినా పుచ్చుకునేవాళ్లు ఇవ్వక్కర్లేదని ఎక్కడా లేదు.