కొలిమి వేడి కన్నా ముందు కరెంటు పరిమితి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవికి ఆశీస్సులు.

విజయవాడలో మీ కళాశాల ప్రయోగశాలలో జిర్కోనియా అనే పింగాణీ జాతి పదార్థపు పొడిని విద్యుత్ క్షేత్రం సాయంతో సింటరింగ్ (పొడిని కరిగించకుండా వేడితో గట్టి ముద్దగా అతికించడం) చేయబోతున్నట్లు నీవు రాసిన ఉత్తరం అందింది. కొలిమిని ఎంత వేడి చేయాలని అడిగావు గానీ, కరెంటును ఎక్కడ ఆపాలన్నది అంతకన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి.

యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) కలిపిన జిర్కోనియాను మామూలు పద్ధతిలో 1400 డిగ్రీలకు అటూ ఇటూగా గంటల తరబడి కాల్చాలి. 2010లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన రిషి రాజ్ బృందం, సెంటీమీటరుకు 120 వోల్టుల క్షేత్రంలో, 850 డిగ్రీల కొలిమిలో, అయిదు సెకన్ల లోపే దానిని దాదాపు పూర్తి సాంద్రతకు తెచ్చినట్లు ప్రకటించింది. వేడెక్కేకొద్దీ జిర్కోనియా నిరోధం తగ్గుతుంది, అది తగ్గేకొద్దీ కరెంటు పెరిగి నమూనాను లోపలి నుంచి మరింత వేడెక్కిస్తుంది, ఒక దశ దాటాక ఈ పెరుగుదల పట్టు తప్పి నమూనా తెల్లగా వెలుగుతుంది. క్షేత్రం స్ఫటికంలో కొత్త లోపాలను కూడా పుట్టిస్తుందని వాదించేవారు ఉన్నారు. ఆ వేడి, అది పెరిగే వేగం, ఈ రెండే ప్రధాన కారణాలని నా అభిప్రాయం.

కనుక పవర్ సప్లైలో వోల్టేజీతో పాటే కరెంటు పరిమితినీ ముందే బిగించు. కరెంటు దాటే అడ్డుకోతలో చదరపు మిల్లీమీటరుకు 100 మిల్లీ ఆంపియర్ల లెక్కన, 10 మిల్లీమీటర్ల వ్యాసం గల బిళ్లకు దాదాపు 8 ఆంపియర్లు కావాలి. 3 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం గల కడ్డీకి 0.6 ఆంపియరు సరిపోతుంది. అందుకే బిళ్లను వదిలి, ఆటోనగర్‌లో కడ్డీకి తగిన డై (పొడిని నొక్కే అచ్చు) చేయించుకో. కడ్డీ కొసలకు ప్లాటినం పేస్టును ఎక్కడా ఖాళీ లేకుండా పూయాలి, లేకుంటే కరెంటు ఒకే దారి పట్టి అక్కడే కాలి పగులుతుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీకి 200 వోల్టుల దాకా పెడతావు కాబట్టి, సప్లై ఆపకుండా కొలిమి తలుపు ముట్టుకోవద్దు.

వేడిని కొలిచే థర్మోకపుల్ చూపేది కొలిమి వేడినే; తెల్లగా వెలిగే క్షణంలో కడ్డీ అంతకన్నా వందల డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. డీసీ వాడితే రుణధ్రువం వైపు ఆక్సిజన్ కోల్పోయి నల్లబడవచ్చు. అలా కనిపిస్తే ఏసీకి మారు. సాంద్రతను ఆర్కిమిడీస్ పద్ధతిలో (గాలిలోనూ నీటిలోనూ తూచి) కొలిచి ఊరుకోకుండా, కడ్డీని కోసి రెండు కొసలలోనూ నడుమనూ రేణువుల పరిమాణం పోల్చి చూడు.

అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) జోలికి ఇప్పుడే వెళ్లకు. కాస్త మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) చేర్చినా దానికి సెంటీమీటరుకు 1000 వోల్టులు కావలసి వచ్చాయి. నీ కడ్డీకి అది 2000 వోల్టులవుతుంది, మీ సప్లై అంత ఇవ్వలేదు.

ఇట్లు,
మీ పెదనాన్న