చెవి మిషన్‌కి 2,40,000 అన్నారు, ఎఫ్‌డీ తీసేయాలా, ఈఎంఐకి వెళ్లాలా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు, మాది రాజమండ్రి. ప్రైవేటు కాలేజీలో లెక్కల లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో 15 లక్షలు, బ్యాంకులో రెండేసి లక్షల ఎఫ్‌డీలు మూడు (ఒకటి ఇంకో నాలుగు నెలల్లో మెచ్యూర్ అవుతుంది), సేవింగ్స్‌లో 1,20,000 ఉన్నాయి. పై పోర్షన్ అద్దె 9,000, పీఎఫ్ పెన్షన్ 2,800 వస్తాయి. ఇద్దరికీ కలిపి 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది. వినికిడి తగ్గిందని టెస్టు చేయిస్తే కుడి చెవి 50, ఎడమ చెవి 55 డెసిబెల్స్ అని రాశారు. మిషన్ల జత 2,40,000, 24 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది, ఒకేసారి కడితే 2,10,000కి ఇస్తామన్నారు. అదే కంపెనీలో కింది మోడల్ జత 1,10,000. మా ఆవిడ ఒక చెవికి పెట్టించుకుంటే చాలదా అంటోంది. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి అక్కడి కాస్ట్‌కో అనే పెద్ద స్టోర్‌లో కొని తెస్తానంటున్నాడు. ఇంట్లో ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెప్పేవాణ్ణి, వినపడక మానేశాను. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, నమస్కారం. మిషన్ కొనండి, రెండు చెవులకీ కొనండి, 1,10,000 మోడల్‌తో మొదలుపెట్టండి, ఈఎంఐ జోలికి వెళ్లకండి. ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను.

ముందు ఆ నో కాస్ట్ ఈఎంఐ సంగతి చూద్దాం, ఎందుకంటే ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, అందరూ ఈ మాట దగ్గరే ఆగిపోతారు. ఒకేసారి కడితే 2,10,000, వాయిదాల్లో అయితే 2,40,000 అని వాళ్లే చెప్పారు కదా, మరి ఆ 30,000 వడ్డీ కాక ఇంకేమిటి? మీరు లెక్కల మాస్టారు, మీరే వేసి చూడండి, 2,10,000 అప్పుకి నెలకు 10,000 చొప్పున 24 నెలలు కడితే వడ్డీ ఏడాదికి సుమారు 13 శాతం పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది అదనం. దీనికంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి ఉంది. మీ 15 లక్షల మీద 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 30,750 వస్తుంది, అంటే నెలకు 10,250. ఆ ఈఎంఐ కడితే ఆ వడ్డీ మొత్తం రెండేళ్లపాటు అటే పోతుంది. ఇక ఇల్లు గడవాల్సింది అద్దె, పెన్షన్ కలిపి వచ్చే 11,800తో. మధ్యలో ఎవరికైనా జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నా టెన్షనే. మీకు అది వద్దు.

ఇక 2,40,000 మోడల్‌కీ 1,10,000 మోడల్‌కీ తేడా ఏమిటంటే, చాలా కంపెనీల్లో ఒకే తరం మిషన్‌నే మూడు నాలుగు స్థాయిల్లో అమ్ముతారు. పైకి వెళ్లేకొద్దీ గోలలో మాటను విడదీసే శక్తి, రకరకాల చోట్లకి తనంతట తనే సర్దుకోవడం, ఫోన్‌తో కలిసే సదుపాయాలు పెరుగుతాయి. ఆ తేడా నిజమే, నేను కాదనను. రోజూ మీటింగుల్లో, హోటళ్లలో, పదిమంది మధ్య గడిపేవాళ్లకి అది పనికొస్తుంది కూడా. మీ రోజు గడిచేది ఇంట్లో, గుడిలో, కొద్దిమంది పిల్లలుండే ట్యూషన్ గదిలో. అక్కడికి మధ్య స్థాయి మిషన్ సరిపోతుంది, దాన్ని మీ ఆడియోగ్రామ్ (వినికిడి టెస్టు రిపోర్టు) ప్రకారం సరిగ్గా ప్రోగ్రామ్ చేస్తేనే సుమా. సరిగ్గా సెట్ చేయని రెండున్నర లక్షల మిషన్ కంటే శ్రద్ధగా సెట్ చేసిన లక్ష రూపాయల మిషన్ బాగా వినిపిస్తుంది. ఎస్టిమేట్ కాగితంలో మోడల్ పేరు, ధర పెద్ద అక్షరాల్లో ఉంటాయి, మీరు డబ్బు పెట్టాల్సిన అసలు విషయం, అంటే ఎవరు సెట్ చేస్తారు, ఎన్నిసార్లు మళ్లీ చూస్తారు అన్నది మాత్రం చాలాసార్లు ఉండనే ఉండదు.

అందుకే డబ్బు కట్టేముందు ఆ కాగితం మీదే కొన్ని రాయించుకోండి. ఆడియాలజిస్టుకి, అంటే మిషన్ సెట్ చేసే వినికిడి నిపుణుడికి, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా, మిషన్ పెట్టాక చెవిలో సన్నని గొట్టం పెట్టి శబ్దం ఎంత చేరుతోందో కొలిచే రియల్ ఇయర్ టెస్టు చేస్తారా, ట్రయల్‌కి ఎన్నాళ్లు ఇస్తారు, నచ్చకపోతే ఎంత వెనక్కి ఇస్తారు, సర్దుబాట్లకి ఎన్నేళ్లు ఫీజు లేకుండా వస్తారు, వారంటీ ఎంత, పోగొట్టుకుంటే ఏమిటి. నోటిమాటగా అన్నీ ఉన్నాయంటారు, కాగితం మీదకి వచ్చినవే లెక్క. ఇంకొకటి, హియరింగ్ ఎయిడ్ మీద జీఎస్టీ లేదు. మిషన్ ధర మీద ఎవరైనా జీఎస్టీ వేస్తే ఎందుకని అడగండి. బ్యాటరీల మీద పన్ను వేరే సంగతి.

ఒక చెవికి చాలదా అని మీ ఇంటావిడ అడిగింది తప్పేం కాదు, ఇంటి ఖర్చు చూసేవాళ్లు ఎవరైనా అలాగే అడుగుతారు. కానీ మీకు రెండు చెవుల్లోనూ దాదాపు ఒకేలా తగ్గింది. ఒక్కదానికే పెడితే శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియదు, రోడ్డు దాటేటప్పుడు అది ప్రమాదం, నలుగురు మాట్లాడేచోట ఇబ్బంది అలాగే ఉంటుంది. ఖరీదైనది ఒకటి కొనేకంటే మధ్యరకం రెండు కొనడమే నయం. మిషన్ వచ్చాక ఆవిడ కూడా ఒక పని చేయాలి, వంటింట్లోంచి కేకేయకుండా ఎదురుగా వచ్చి మాట్లాడాలి. మిషన్ పెట్టుకున్నారు కదా ఇక ఎక్కణ్ణుంచి పిలిచినా పలుకుతారు అనుకుంటే ఇద్దరికీ చిరాకే మిగులుతుంది.

అబ్బాయి మాట. కాస్ట్‌కోలో జత సుమారు 1,500 డాలర్లకి దొరుకుతుంది, అక్కడి వాళ్లకి మంచి బేరం, ఆరు నెలల్లోపు వెనక్కి ఇచ్చే వీలు కూడా ఉంది. కానీ అది అక్కడికి వెళ్లి టెస్టు చేయించుకుని, అక్కడే సర్దించుకునేవాళ్ల కోసం. 2022 అక్టోబరు నుంచి అమెరికాలో ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే మిషన్లూ వచ్చాయి, అవి తక్కువ నుంచి మధ్యస్థ వినికిడి లోపానికి. మీది మధ్యస్థం దాటే హద్దులో ఉంది. డల్లాస్ నుంచి సూట్‌కేసులో వచ్చిన మిషన్‌ని రాజమండ్రిలో ఎవరు ప్రోగ్రామ్ చేస్తారు? రిపేరుకి ఎక్కడికి పంపుతారు? అబ్బాయికి సాయం చేయాలని ఉంటే ఆ డబ్బు ఇక్కడికే పంపమనండి, సంతోషంగా తీసుకోండి. ఆన్‌లైన్‌లో 2,000కి దొరికే మిషన్లు మాత్రం వద్దు, అవి అన్ని శబ్దాలనీ ఒకేలా పెంచుతాయి, మీకు తగ్గినవి ఏవో వాటికి తెలియదు.

డబ్బు ఎక్కడినుంచి తీయాలి అన్నది చూద్దాం. సీనియర్ సిటిజన్ స్కీమ్‌ని కదపకండి, ముందే తీస్తే అసలులోంచి కోత పడుతుంది, ఆ వడ్డీయే మీ జీతం. సేవింగ్స్‌లో ఉన్న 1,20,000 ఆపద సొమ్ము, అదీ అలాగే ఉండనివ్వండి. నాలుగు నెలల్లో మెచ్యూర్ అయ్యే ఎఫ్‌డీ మీద 1,10,000 లోన్ తీసుకోండి. ఎఫ్‌డీకి 7 శాతం వస్తుంటే లోన్‌కి సాధారణంగా ఒక శాతం ఎక్కువ వేస్తారు. నాలుగు నెలలకు లోన్ వడ్డీ 2,930 దాకా అవుతుంది, అదే సొమ్ము మీద ఎఫ్‌డీ వడ్డీ 2,570 దాకా వస్తూనే ఉంటుంది, అంటే మీ జేబులోంచి పోయేది నాలుగు వందల లోపు. ఎఫ్‌డీనే తీసేస్తే, ఉంచిన కాలానికి వర్తించే తక్కువ వడ్డీ ఇచ్చి అందులోంచి పెనాల్టీ కూడా కోస్తారు, మొత్తం మీద రెండు వేల దాకా నష్టం. మెచ్యూర్ అయిన రోజు లోన్ తీరిపోతుంది, మిగిలింది మళ్లీ ఎఫ్‌డీ వేసుకోవచ్చు.

మిషన్ కొనడంతో ఖర్చు ఆగదు. బ్యాటరీ మోడల్ అయితే చిన్న సైజువి వారానికి ఒక జత చొప్పున అయిపోతాయి, చెవిలో పెట్టే రబ్బరు డోములు, గుబిలి అడ్డుకునే చిన్న ఫిల్టర్లు మార్చాలి, అన్నీ కలిపి ఏడాదికి 7,000 వేసుకోండి. వారంటీ అయ్యాక రిపేర్లకి ఇంకో 15,000 పక్కన పెట్టుకోండి. ఐదేళ్లకి 1,10,000 కాస్తా 1,60,000 అవుతుంది, నెలకు 2,700 లోపు. రీచార్జబుల్ అయితే బ్యాటరీల ఖర్చు తప్పుతుంది, వేళ్లు వణికేవాళ్లకి సుఖం కూడా, కాకపోతే నాలుగైదేళ్లకి లోపలి బ్యాటరీ మార్పించాలి, దాని ధర ఇప్పుడే అడిగి ఉంచండి.

సర్కారు సాయం గురించి కూడా చెప్పాలి. వైకల్యం ఉన్నవాళ్లకి పరికరాలిచ్చే కేంద్రం ఏడిప్ పథకంలో హియరింగ్ ఎయిడ్ ఇస్తారు, కానీ 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ కావాలి, 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే అది వస్తుంది. మీది అంత లేదు, అది మంచి విషయమే. 2017లో మన నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ అనే కేంద్ర పథకంలో వృద్ధులకి ఇస్తారు, దానికి ఆదాయ పరిమితి నెలకు 15,000, మీ అద్దె, వడ్డీ కలిపితే అది దాటిపోతుంది. ఈ పరిమితుల్లో ఉన్న మిగతా పాఠకులు మాత్రం ఈ పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎలిమ్కో క్యాంపులు ఎప్పుడు పెడతారో జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖలో తప్పకుండా కనుక్కోండి. హెల్త్ పాలసీల్లో చాలావాటిలో చెవి మిషన్ కవర్ కాదు, మీ పాలసీ మినహాయింపుల పేజీ ఒకసారి చూడండి. సీజీహెచ్‌ఎస్ ఉన్న కేంద్ర పెన్షనర్లకి ధర పరిమితికి లోబడి రీయింబర్స్‌మెంట్ ఉంది. ఆదాయపు పన్ను మీకు పడదు కాబట్టి ఆ మినహాయింపుల ఆలోచనే అక్కర్లేదు.

రెండో అభిప్రాయం తీసుకోకుండా కట్టకండి. విశాఖ పెదవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపాలు చూసే కేంద్ర ప్రభుత్వ అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆడియోగ్రామ్ కాపీ మీదే, అడిగి తీసుకోండి. ఈఎన్‌టీ డాక్టరు చెవిలో గుబిలి, చీము లాంటివి లేవని చూశాకే మిషన్ మాట.

ఇక అలవాటు పడటం. డబ్బు సలహాల్లో ఇదెందుకంటే, నేను చూసిన నష్టాల్లో పెద్దది ఇక్కడే జరుగుతుంది. వారం పెట్టుకుని గోలగా ఉందని తీసి బీరువాలో పెడతారు, లక్ష రూపాయలు అక్కడే ఉండిపోతాయి. వినికిడి మెల్లగా తగ్గుతూ వచ్చింది కాబట్టి ఏళ్ల తరబడి మీ మెదడుకి కొన్ని శబ్దాలు అందలేదు, అవన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఫ్యాన్ గాలి, పేపర్ మడత, స్టీలు కంచం సింకులో పడ్డ చప్పుడు, కుక్కర్ విజిల్ ఉలిక్కిపడేలా చేస్తాయి. మీ గొంతు మీకే డ్రమ్ములోంచి వచ్చినట్టు ఉంటుంది, చెవి మూసుకున్నందుకే అలా అనిపిస్తుంది, అది ఎక్కువగా ఉంటే డోము మార్చి తగ్గిస్తారు. మొదట ఇంట్లో రోజుకు రెండు మూడు గంటలు, ఒకరితో ఎదురుగా మాట్లాడేటప్పుడు పెట్టుకోండి, తర్వాత టీవీ, ఆ తర్వాత వీధి, చివర్న పెళ్లిళ్లు. చాలామందికి కొన్ని వారాలు పడుతుంది, కొందరికి రెండు మూడు నెలలు. ఏ శబ్దం ఇబ్బంది పెట్టిందో చిన్న పుస్తకంలో రాసి సర్దుబాటుకి వెళ్లినప్పుడు చూపించండి. ఊరికే బాగా లేదంటే వాళ్లు వాల్యూమ్ తగ్గిస్తారు, ట్యూషన్‌లో అమ్మాయిల మాట స, త, క దగ్గర పోతోందని చెబితే అక్కడ సరిచేస్తారు.

మిషన్ మీద ఎర్ర గుర్తు ఉంటే కుడి చెవిది, నీలం గుర్తు ఉంటే ఎడమ చెవిది. బ్యాటరీ మీద స్టిక్కర్ తీశాక ఒక నిమిషం గాలికి ఉంచి పెట్టండి, ఎక్కువకాలం వస్తుంది. తలకి నూనె రాసుకునేముందు, తలంటుకి ముందు తీసేయండి. గోదావరి గాలిలో తేమ, చెమట మిషన్‌కి శత్రువులు, రాత్రి పొడి గుడ్డతో తుడిచి, బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. డబ్బాతో సహా వాళ్లే ఇస్తారు, ఇవ్వకపోతే అడగండి.

ట్యూషన్ ఆదాయాన్ని ఇప్పుడే లెక్కలో కలుపుకోకండి, ముందు ఇద్దరు పిల్లలతో మొదలుపెట్టండి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పు పెంచే వాటిలో తగ్గించుకోగలిగినవి ఏవేవని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో 14 చెప్పింది, వినికిడి లోపం అందులో ఒకటి. కాబట్టి ట్యూషన్ డబ్బు వచ్చినా రాకపోయినా మీరు ఈ ఖర్చు పెట్టాల్సిందే. వస్తే మాత్రం అందులోంచి నెలకు 1,500 పోస్టాఫీసు ఆర్‌డీలో వేయండి, 6.7 శాతం చొప్పున ఐదేళ్లకి 1,07,000 దాకా అవుతుంది. అప్పటికి ఈ జత మార్చాల్సి వస్తుంది, ఇంకో ఎఫ్‌డీ ముట్టుకునే పని ఉండదు. రెండోచోట ఎస్టిమేట్ తీసుకున్నాక దాన్నీ, ఆడియోగ్రామ్‌నీ కలిపి పంపండి, కట్టేముందు నేను ఒకసారి చూసి చెబుతాను.