తెల్ల సైకిల్‌కి పూలెందుకు కట్టారు?

ప్రశ్న: మా అబ్బాయి టొరంటోలో మాస్టర్స్ చదువుతున్నాడు. సాయంత్రాలు ఎలక్ట్రిక్ సైకిల్ మీద ఫుడ్ డెలివరీ చేస్తాడు. అక్కడ రోడ్ల పక్కన సైకిళ్లు వెళ్లడానికి విడిగా గీసిన లైన్లు తీసేస్తారని గొడవ జరుగుతోందట. వద్దంటూ వీడూ ర్యాలీలకు వెళ్తున్నాడు. ‘ఊరు కాని ఊళ్లో నీకెందుకురా’ అంటే ‘నా ప్రాణం కోసమేనమ్మా’ అంటాడు. వీసాకు ఏమైనా అవుతుందేమోనని నాకు టెన్షన్. వాడు పంపిన ఫొటోలో తెల్ల సైకిల్ ఒకటి స్తంభానికి కట్టి, పూలు పెట్టి ఉంది. అదేమిట్రా అంటే చెప్పడు. మీరు అక్కడ చాలాకాలం ఉన్నారు కదా, వాడికి నాలుగు మాటలు చెప్పండి.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ తెల్ల సైకిల్ సంగతి చెబుతాను. రోడ్డు మీద సైకిల్ తొక్కుతూ ఎవరైనా చనిపోతే, ఆ చోట ఒక పాత సైకిల్‌కి టైర్లతో సహా తెల్ల రంగు పూసి స్తంభానికి కట్టేస్తారు. ఘోస్ట్ బైక్ అంటారు. మీరు భయపడతారని మీవాడు చెప్పలేదు. నేను చెబుతున్నాను, ఎందుకంటే అది తెలియకపోతే వాడి కోపం మీకు అర్థం కాదు.

2024 వేసవిలో టొరంటోలోని బ్లోర్ వీధిలో సైకిల్ లైనుకు అడ్డంగా నిర్మాణపు చెత్త వేసే పెద్ద ఇనుప డబ్బా ఒకటి ఉంది. దాన్ని తప్పించుకోవడానికి 24 ఏళ్ల అమ్మాయి పక్కకు, బండ్లు వెళ్లే దారిలోకి వచ్చింది. లారీ గుద్దింది. లైనులోంచి నాలుగు గజాలు బయటికి రావడమే ఆ పిల్ల ప్రాణం తీసింది. కొన్ని నెలలకే, మొత్తం లైనునే తీసేస్తామని ప్రభుత్వం అంది. డెలివరీ చేసే కుర్రాడికి ఎలా ఉంటుందో చూడండి.

నేనేమీ మొదటినుంచీ సైకిల్ పక్షం కాదు. 2010లో జార్విస్ వీధిలో సైకిల్ లైన్లు గీస్తే, ఆఫీసుకు కారులో వెళ్లే నేను తెగ తిట్టుకున్నాను. 2012 నవంబరులో, రాబ్ ఫోర్డ్ మేయర్‌గా ఉండగా, వాటిని చెరిపేశారు. గీతలు గీకే బండి ముందు కొందరు చలిలో తారు మీదే కూర్చున్నారు. ‘పనిలేని జనం’ అని మా ఆవిడతో అన్నాను. లైన్లు పోయాయి కదా, ఇక హాయిగా ఇంటికి చేరొచ్చనుకున్నా. అదే సిగ్నలు దగ్గర, అదే వరసలో, అంతే సేపు నిలబడ్డాను. ఆ మరుసటి ఏడాది ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు ఒకరోజు చెయ్యి కట్టుకుని వచ్చాడు. సైకిల్ మీద వస్తుంటే, ఆగి ఉన్న కారులోంచి ఎవరో చూసుకోకుండా తలుపు తీశారట. కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు ఎడమచేత్తో టైప్ చేశాడు. పక్కన కూర్చుని అది చూశాక మళ్లీ ‘పనిలేని జనం’ అనే మాట నా నోట రాలేదు.

ఇప్పటి గొడవ ఆ రాబ్ ఫోర్డ్ అన్నగారు డగ్ ఫోర్డ్ ప్రభుత్వానిది. ఆయన ఒంటారియో రాష్ట్ర ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి. ట్రాఫిక్ తగ్గిస్తామంటూ 2024 నవంబరులో చట్టం చేశారు. బ్లోర్, యంగ్, యూనివర్సిటీ అవెన్యూ రోడ్లలో లైన్లు తీసేస్తామన్నారు. ఇవి మారుమూల వీధులు కావు. బ్లోర్ కింద సబ్‌వే నడుస్తుంది, యూనివర్సిటీ అవెన్యూలో పెద్ద పెద్ద ఆస్పత్రులన్నీ వరసగా ఉంటాయి. లైన్లు వేయడానికి సుమారు 2.7 కోట్ల డాలర్లయితే, తీయడానికి 4.8 కోట్లవుతుందని నగరపాలక సంస్థ లెక్క చెప్పింది. ఆ లెక్క తప్పని రాష్ట్రం వాదించింది, అది వేరే సంగతి. నాకు మింగుడుపడనిది ఇంకొకటి. లైను తీసేశాక ఎవరికైనా దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా ప్రభుత్వం మీద దావా వేయడానికి వీల్లేదని ఆ చట్టంలోనే రాసుకున్నారు. ఏమీ కాదని నమ్మకముంటే ఆ వాక్యం దేనికి?

సైకిల్ టొరంటో అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. కూడా వెళ్లిన ఇద్దరిలో ఒకరు విద్యార్థిని, మరొకరు సైకిల్ మీద డెలివరీలు చేసే మనిషి. మీవాడు ఆ రెండూ! 2025 జులై 30న జస్టిస్ పాల్ షాబస్ తీర్పు ఇచ్చారు. లైన్లు తీస్తే మనుషులకు ప్రమాదం పెరుగుతుంది, ట్రాఫిక్ తగ్గుతుందనడానికి ఆధారం లేదు, కాబట్టి ఇది రాజ్యాంగంలోని 7వ సెక్షన్ ఇచ్చే ప్రాణరక్షణ హక్కుకు విరుద్ధం అన్నారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. లైన్ల వల్ల బేరాలు పోయాయనే దుకాణదారులూ అక్కడ ఉన్నారు. వాళ్లందరినీ దుర్మార్గులనలేం, నేను కూడా ఒకప్పుడు ఆ గుంపులోవాణ్నే.

ఇక వీసా. శాంతియుతంగా గుమిగూడే హక్కు అక్కడ పౌరులకే కాదు, అందరికీ ఉంది. పోలీసులు జరగమంటే జరగమనండి, వాళ్లతో వాదనకు దిగొద్దనండి. అంతకు మించి దిగులొద్దు. మీరు అడగాల్సింది వేరే ఉంది: ‘వారానికి ఎన్ని గంటలు డెలివరీ చేస్తున్నావురా?’ క్లాసులు జరుగుతున్నప్పుడు క్యాంపస్ బయట పని 24 గంటలు దాటకూడదు. యాప్‌లో చేసే పనీ అందులోకే వస్తుంది. ర్యాలీ వల్ల పోని వీసా దీనివల్ల పోగలదు. గంటలు ఒక పుస్తకంలో రాసుకోమనండి. అలాగే సైకిల్ మోటారు ఎన్ని వాట్లో అడగండి. 500 దాటకూడదు, వేగం 32 కిలోమీటర్లు మించకూడదు. తొందరగా ఆర్డర్లు అందించాలని కుర్రాళ్లు ఎక్కువ పవరున్నవి కొంటుంటారు. ఎలక్ట్రిక్ సైకిల్‌కి హెల్మెట్ తప్పనిసరి. ఈసారి వీడియో కాల్లో హెల్మెట్ చూపించమనండి, పట్టీ సహా. నా పేరు చెప్పి అడగండి, తిట్లు నాకే పడతాయి.

ప్రశ్న: మనకూ ఓఆర్ఆర్ పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది కదా! టొరంటో కన్నా మనమే నయం కాదా?
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల నీడ, 2023 అక్టోబరులో ప్రారంభం. బాగుంది, నేనూ ఒక ఆదివారం తొక్కాను. కాకపోతే అక్కడ నాకు కనిపించిన వాళ్లంతా సైకిల్‌ను కారు వెనక కట్టుకుని తెచ్చుకున్నవాళ్లే. టొరంటో పోట్లాట వ్యాయామం గురించి కాదు, పనికి వెళ్లే దారి గురించి. మల్కాజిగిరిలో మా ఇంటికి పాలు వేసే ఆయన ముప్ఫై ఏళ్లుగా సైకిల్ మీదే వస్తాడు. ‘సైకిల్‌కి ట్రాక్ వేశారు చూశావా?’ అని అడిగితే క్యాన్ మూత బిగిస్తూ, ‘ఏ ట్రాక్ సార్, రైల్వే ట్రాకా?’ అన్నాడు.