రాజీనామా చేశారా, చెప్పకుండా మానేశారా?

ప్రశ్న: అనంతపురం జిల్లాలో ఒక డ్రిప్ పరికరాల కంపెనీలో 2017 నవంబర్ నుంచి ఫీల్డ్ ఇంజినీరుగా పనిచేశాను. చీనీ తోటల్లో ఎండనపడి తిరిగాను. సబ్సిడీ బిల్లు ఆలస్యమైతే రైతులు నన్నే తిట్టేవారు. మేనేజరు అందరిముందూ అవమానించడంతో 2024 జూన్‌లో వాట్సాప్‌లో రాజీనామా పెట్టి మానేశాను. ఏప్రిల్, మే జీతాలు, గ్రాట్యుటీ ఇవ్వలేదు. ‘పారిపోయాడు’ అని ప్రచారం చేస్తున్నారు. జిల్లా లేబర్ ఆఫీసుకు వెళ్తే, కంపెనీకి మూడు రాష్ట్రాల్లో బ్రాంచీలున్నాయి, మా పరిధి కాదన్నారు. అదనపు పైపులు, ఫిల్టర్ల కోసం రైతులిచ్చిన 86 వేలు నా దగ్గరే ఉన్నాయి. జీతం కింద జమ వేసుకోమని స్నేహితులంటున్నారు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మేనేజరు ఏమన్నాడన్నది ఈ కేసులో ఎవరూ అడగరు. అడిగేది ఒక్కటే: మీరు రాజీనామా చేశారా, కంపెనీ మిమ్మల్ని తొలగించిందా? మీరు మానేసిన నాటికి అమల్లో ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టం సెక్షన్ 4(6) ప్రకారం నష్టం పేరుతో గ్రాట్యుటీ ఆపాలంటే, ఆ కారణంగా ఉద్యోగంలోంచి తొలగించి ఉండాలి. తనంతట తాను రాజీనామా చేసినవాడికి అది వర్తించదు. ‘పారిపోయాడు’ అనే మాట ఊరికే పుట్టలేదు; రేపు ‘మేమే తొలగించాం’ అనడానికి అది దారి.

మరి ఆ వాట్సాప్ మెసేజ్ ఏది? ఉందని రాశారే గానీ, కాపీ పంపలేదు. ఏడేళ్ల ఉద్యోగాన్ని ఒక మెసేజ్‌తో ముగించి, దాన్నైనా భద్రం చేశారో లేదో చెప్పకపోతే ఎలా? ఆ ఫోన్ అమ్మకండి, మార్చకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. కోర్టులో భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి. ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ సంస్థ) పోర్టల్లో సర్వీస్ హిస్టరీ తెరిచి, ఉద్యోగం వదిలిన తేదీ ఏం వేశారో ఇవాళే ప్రింటు తీసుకోండి. మీరు ఎక్కించి ఉండకపోతే, అది కంపెనీ ఎక్కించిన తేదీ.

ఇక ఆ 86 వేలు. దాన్ని జీతం కింద జమ వేసుకుంటే మీ అంతట మీరే జైలు తలుపు తట్టినట్టు. యజమాని తరఫున వసూలు చేసిన సొమ్మును ఉద్యోగి వాడుకుంటే నమ్మకద్రోహం. పాత ఐపీసీలో 408, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 316(4), రెండింటిలోనూ ఏడేళ్ల దాకా శిక్ష. రావాల్సిన జీతం సివిల్ తగాదా, చేతిలో ఉంచుకున్న సొమ్ము క్రిమినల్ కేసు. రెంటినీ కలిపితే లాభం కంపెనీకే. ఏ రైతు, ఏ తేదీన, ఎంత ఇచ్చారో జాబితా రాసి, మొత్తాన్ని కంపెనీ ఖాతాకు బ్యాంకు ద్వారా పంపండి. నగదుగా మేనేజరు చేతిలో పెట్టకండి. వెంట వెళ్లే ఉత్తరం వకీలుతో రాయించండి. మీరే రాస్తే అది నేరాంగీకారంలా తయారవుతుంది. ఇన్నాళ్లు ఉంచుకున్న తప్పు దీంతో మాఫీ కాదు గానీ, దురుద్దేశం లేదని చెప్పుకోవడానికి ఇంతకన్నా ఆధారం లేదు.

గడువు సంగతి. జీతానికి మూడేళ్లు, ఏ నెలది ఆ నెలకే లెక్క. ఏప్రిల్ జీతం మే మొదటి వారంలో రావాల్సి ఉంటే 2027 మే మొదటి వారానికి దావా పడాలి. ‘చూద్దాంలే’ అన్న ఫోన్ మాటలు గడువును ఆపవు; గడువులోగా సంతకం పెట్టిన ఒప్పుకోలు ఉంటేనే కొత్త లెక్క మొదలవుతుంది.

గ్రాట్యుటీ వేరు. దరఖాస్తు ఆలస్యమైనంత మాత్రాన హక్కు పోదు. ఆరు నెలలు దాటిన చివరి ముక్కను పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి మీకు ఏడేళ్లు. మూలవేతనం, డీఏ కలిపి 18,200 అనుకుంటే, దాన్ని 26తో భాగించి, 15తో, తర్వాత 7తో గుణిస్తే 73,500 రూపాయలు. ఆలస్యానికి వడ్డీ కూడా అడగవచ్చు. ముందు ఆ 1972 చట్టం కింద గ్రాట్యుటీ అడిగే దరఖాస్తు, ఫారం-ఐ, కంపెనీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఇవ్వకపోతే, ఇప్పించమని అధికారికి పెట్టే ఫారం-ఎన్. జిల్లా ఆఫీసువాళ్లు చెప్పింది నిజమే: వేరే రాష్ట్రాల్లో బ్రాంచీలున్న సంస్థ కేంద్రం పరిధిలోకి వస్తుంది, కేంద్ర అసిస్టెంట్ లేబర్ కమిషనర్ దగ్గర వేయాలి. ఫారం-ఎన్‌కు తొంభై రోజుల గడువుంది; అది దాటితే, ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్ జతచేయండి. అందులో అవమానం గురించి రాయకండి; అనారోగ్యం గురించి ఆసుపత్రి చీటీలుంటే అవి పెట్టండి.