ఆర్టికల్‌షిప్ చేస్తూ సీఏ ఫైనల్‌కి రోజూ క్రమం తప్పకుండా చదవడం ఎలా?

"ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది అవుతోంది. ఆదివారం టైమ్‌టేబుల్ వేసుకుంటే బుధవారానికి పోతోంది. రోజుకి పన్నెండు గంటలు చదవకపోతే ఫైనల్ అవ్వదంటున్నారు, నిజమేనా?" అని మీరు అడిగారు. 2018లో నేనూ అచ్చంగా ఇలాగే ఉన్నాను. పన్నెండు గంటల మాట నమ్మి ఒక అటెంప్ట్ పోగొట్టుకున్నాను కాబట్టి నాకు జరిగింది చెబుతాను.

నేను ఆర్టికల్‌షిప్, అంటే సీఏ ఆఫీసులో చేయాల్సిన ట్రైనింగ్, విజయవాడలో చేశాను. ఇల్లు సత్యనారాయణపురం, ఆఫీసు గవర్నర్‌పేట. 2018 నవంబర్‌లో మొదటిసారి ఫైనల్ గ్రూప్ 1 రాశాను. ఫైనల్ పేపర్లు రెండు గ్రూపులుగా ఉంటాయి, అప్పటి సిలబస్‌లో గ్రూప్‌కి నాలుగు పేపర్లు ఉండేవి. 2019 జనవరిలో రిజల్ట్ వచ్చింది. ఎఫ్‌ఆర్ (ఫైనాన్షియల్ రిపోర్టింగ్) 56, ఎస్‌ఎఫ్‌ఎం (స్ట్రాటజిక్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్) 67, లా 55, ఆడిట్ 36. మొత్తం 214. నాలుగు పేపర్లు కలిపి 200 వస్తే చాలు, కానీ ఏ పేపర్‌లోనూ 40కి తగ్గకూడదు. నాలుగు మార్కులకి గ్రూప్ మొత్తం పోయింది. ఎస్‌ఎఫ్‌ఎంలో 60 దాటినందుకు ఎగ్జెంప్షన్ వచ్చింది, అంటే అది మళ్లీ రాయక్కర్లేదు, మిగతా మూడూ మళ్లీ రాయాలి.

చదవలేదా అంటే, చదివాను. స్టడీ లీవ్‌లో రోజుకి ఎన్ని గంటలు కూర్చున్నానో డైరీలో రాసుకునేదాన్ని. పదకొండు, పన్నెండు, ఒకరోజు పదమూడున్నర. ఆడిట్ పుస్తకం మూడుసార్లు తిప్పాను. నాలుగు రంగుల హైలైటర్లతో ఒక్క లైను తెల్లగా మిగల్లేదు. మరి 36 ఎలా వచ్చిందో అర్థం కాలేదు. పేపర్ దిద్దినవాళ్ల మీదే కోపం వచ్చింది.

ఆ కోపంతోనే 500 రూపాయలు కట్టి నా ఆడిట్ ఆన్సర్ షీట్ సర్టిఫైడ్ కాపీకి అప్లై చేశాను. వచ్చాక ఆఫీసు దగ్గర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని, అక్కడే నిలబడి చదివాను. మొదటి పది పేజీలు ముచ్చటగా ఉన్నాయి. తర్వాత నుంచి అక్షరాలు గీత మీద నిలబడలేదు. ఎథిక్స్ ప్రశ్న ఒకటి ఉంది, ఒక సీఏ వేరేవాళ్ల చేత క్లయింట్లని అడిగించుకోవడం గురించి. సీఏ చట్టం ఫస్ట్ షెడ్యూల్, పార్ట్ 1, క్లాజ్ 6 అని నంబర్లతో సహా రాశాను. క్లాజ్ ఏం చెబుతుందో పేజీన్నర రాశాను. ఆ సీఏ చేసింది తప్పా కాదా అన్నది మాత్రం ఎక్కడా లేదు. ప్రశ్న అడిగింది అదొక్కటే. ఆఖరి జవాబు అరపేజీ ఉండి, వాక్యం మధ్యలో ఆగిపోయింది. ఆ వాక్యం ఎలా పూర్తవ్వాలో షాపులో నిలబడి ఉన్నప్పుడు కూడా నాకు తెలుసు. రాయడానికి టైము లేకపోయింది, అంతే.

దిద్దినవాళ్ల తప్పేమీ లేదు. ఆ స్టడీ లీవ్ మొత్తంలో నేను ఒక్క పేపర్ కూడా మూడు గంటలు కూర్చుని పూర్తిగా రాయలేదు. పెన్ను పట్టుకున్నది డైరీలో గంటలు రాయడానికే.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. సీఏ ఫైనల్‌కి చదవడం సగం పని కూడా కాదు. పుస్తకం ముందు పన్నెండు గంటలు కూర్చునేవాళ్లలో ఎక్కువమంది తెలిసినదాన్నే మళ్లీ చూసుకుని సంతోషపడుతున్నారు. టాపర్లతో ఇంటర్వ్యూ వీడియోలు వస్తాయి కదా, పద్నాలుగు గంటలు, పదిహేను గంటలు అని. ఆ పద్నాలుగు గంటల్లో ఎన్ని జవాబులు రాశారని ఎవరూ అడగరు. ఆ ఇంట్లో వంట ఎవరు చేశారని కూడా అడగరు. అవి చూసిన రోజు నేను చదివింది తక్కువ, టెన్షన్ పడింది ఎక్కువ.

ఇక రొటీన్ సంగతి. మాది రెండు గదుల అద్దె ఇల్లు. నాన్న ఆర్టీసీలో కండక్టర్, డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటే ముందు గదిలో లైటు వేయకూడదు. తమ్ముడు ఇంటర్, రెండో గది వాడిది. నాకు మిగిలింది వెనక వరండాలో అమ్మ కుట్టుమిషన్. అమ్మ జాకెట్లు కుడుతుంది. మిషన్ తలని లోపలికి మడిచి పైన చెక్క మూసేస్తే అదే నా బల్ల. చెక్క మధ్యలో సందు ఉండేది, కింద అట్ట పెట్టుకోకపోతే పెన్ను అందులోకి దిగి కాగితం చిరిగేది. రాస్తూ రాస్తూ తెలియకుండానే కాలితో కింద పెడల్ తొక్కేదాన్ని.

ఫిబ్రవరిలో మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యాయి, అమ్మకి చేతినిండా పని. అందుకని ఇద్దరం కూర్చుని మిషన్‌ని పంచుకున్నాం. పొద్దున అయిదు నుంచి ఏడున్నర నాది. రాత్రి తొమ్మిది నుంచి పావు తక్కువ పది నాది. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు నాది. మిగతాదంతా అమ్మది.

మొదటి వారంలోనే ఒక రాత్రి ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి తొమ్మిదింబావుకి కూర్చున్నాను. పదింటిదాకా రాసుకుంటానమ్మా అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "తొమ్మిదికి రానిది నువ్వు, నేను కాదు. పావు తక్కువ పదికి లే" అంది. పొద్దునకల్లా ఇవ్వాల్సిన రెండు జాకెట్లు ఒళ్లో పెట్టుకుని పక్కనే నిలబడింది. లేచాను. కోపంగా వెళ్లి పడుకున్నాను. కానీ మర్నాడు అయిదింటికి మెలకువ వచ్చింది.

మీ టైమ్‌టేబుల్ బుధవారానికి ఎందుకు పోతోందో నాకు అక్కడే తెలిసింది. సోమవారం గంట తగ్గితే దాన్ని రాత్రి పన్నెండు దాకా లాగుతాం. మంగళవారం పొద్దున లేవలేం. అప్పుడు మంగళవారం బాకీ కూడా బుధవారం మీద పడుతుంది. బుధవారం ఆ లెక్క చూసి పుస్తకం మూసేస్తాం, వచ్చే సోమవారం కొత్త టైమ్‌టేబుల్ వేస్తాం. మొదలుపెట్టే టైముతో పాటు లేచే టైము కూడా గట్టిగా పెట్టుకోండి. పోయిన గంట పోయినట్టే, దాన్ని రేపటికి మోయకండి. నాకు అమ్మ నిలబడింది. మీకు ఎవరూ లేకపోతే అలారం రెండుసార్లు పెట్టుకోండి, కూర్చోవడానికి ఒకటి, లేవడానికి ఒకటి.

పొద్దున రెండున్నర గంటలు చదువు, అదీ ఒకే సబ్జెక్టు. రాత్రి ముప్పావుగంట చదవడం లేదు, రాయడమే. లాంగ్ నోట్‌బుక్‌లో పొద్దున చదివినదాని మీద రెండు మూడు జవాబులు, గడియారం ఎదురుగా పెట్టుకుని. నూటఎనభై నిమిషాల్లో వంద మార్కులు రాయాలంటే మార్కుకి రెండు నిమిషాలు కూడా లేవు, అయిదు మార్కుల ప్రశ్నకి తొమ్మిది నిమిషాలు. రాశాక సీఏ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే సజెస్టెడ్ ఆన్సర్‌తో పోల్చుకునేదాన్ని. ఆడిట్‌లో ప్రతి జవాబుకీ మూడు ముక్కలు: రూల్ ఏమిటి, ఇచ్చిన కేసులో ఏం జరిగింది, కాబట్టి ఏమిటి. మూడోది రాయకుండా పెన్ను దించకూడదని పెట్టుకున్నాను.

ఆదివారం రెండు నుంచి అయిదు ఎందుకంటే అసలు పరీక్ష టైము అదే. అన్నం తిన్నాక కళ్లు మూతలు పడే టైము. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివినవాళ్లని కూడా ఆ టైములోనే కూర్చోబెట్టి రాయిస్తారు, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మొదటి ఆదివారం అయిదయ్యేసరికి 65 మార్కులకే రాయగలిగాను, బొటనవేలు తిమ్మిరెక్కింది. పన్నెండింటికే కాస్త పెరుగన్నం తినడం అలవాటు చేసుకున్నాక నిద్ర తగ్గింది. మార్చి ఆఖరుకి వందకి వంద మార్కుల పేపర్ టైములో అయిపోయింది. పేపర్ల కోసం ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు. పాత ప్రశ్నపత్రాలు, ఆర్‌టీపీలు (రివిజన్ టెస్ట్ పేపర్లు), మాక్ టెస్టులు అన్నీ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం తెనాలి నుంచి అత్తయ్య వచ్చింది. నేను రాస్తూనే ఉన్నాను. వరండాలోకి వచ్చి "ఇంకా అవ్వలేదా దీని చదువు?" అంది. నా చెయ్యి ఆగిపోయింది. లోపలి నుంచి అమ్మ "అయిదింటికి అవుతుంది వదినా, కాఫీ అందరం అప్పుడే తాగుదాం, నువ్వు లోపలికి రా" అంది. ఆ మాట విన్నాక మళ్లీ రాయగలిగాను. మీ ఇంట్లోవాళ్లకి మీ టైములు చెప్పండి, గోడ మీద రాసి పెట్టండి. వాళ్లకి తెలియని టైమ్‌టేబుల్‌ని వాళ్లు కాపాడలేరు.

ఆఫీసు గురించి కూడా ఒక మాట. 2018లో టాక్స్ ఆడిట్ గడువు సెప్టెంబర్ 30 నుంచి అక్టోబర్ 15కి, తర్వాత అక్టోబర్ 31కి పెంచారు. వ్యాపారులకి ఊరటే. నవంబర్ పరీక్షకి చదువుతున్న ఆర్టికల్స్‌కి, అంటే నాలాంటి ట్రైనీలకి, మాత్రం ఆ పెంపు నెత్తిన బండలా పడింది. స్టడీ లీవ్‌లో ఉన్న నన్ను పది రోజులు వెనక్కి పిలిపించారు. కాదనే ధైర్యం నాకు లేదు. ఇన్నేళ్లయినా అది అన్యాయమనే అంటాను. నా దగ్గర ఇప్పుడు ఇద్దరు ఆర్టికల్స్ ఉన్నారు, లీవ్‌లో ఉన్నవాళ్లకి ఫోన్ కూడా చేయను.

2019 మే పరీక్షలకి రెండు మార్పులు వచ్చాయి. ఆడిట్‌లో, లాలో 30 మార్కులకి ఎంసీక్యూలు పెట్టారు. ఇక రాసే పని తగ్గిందని మా వాళ్లు చాలామంది రాయడమే మానేశారు. ఇంకా 70 మార్కులు రాయాల్సిందే కదా, నేను మానలేదు. రెండోది, లోక్‌సభ ఎన్నికల వల్ల మే 2న మొదలవ్వాల్సిన పరీక్షలు మే 27కి వాయిదా పడ్డాయి. ఆ వార్తతో అందరికీ ఊపిరి వచ్చింది, ఓ వారం పుస్తకాలు మూసినవాళ్లు ఉన్నారు. మా ఇంట్లో మిషన్ టైములు మారలేదు.

రోహిణి కార్తెలో, బెజవాడ ఎండలో, మధ్యాహ్నం రెండింటికి పరీక్ష. ఆడిట్ రోజు చూసుకుంటే ఇంకా పది నిమిషాలు మిగిలింది. ఆ పది నిమిషాలూ ప్రతి జవాబు చివర "కాబట్టి" ఉందో లేదో చూసుకున్నాను. ఒకదానికి లేదు, రాశాను. ఆగస్టులో రిజల్ట్. ఆడిట్ 59, గ్రూప్ పాస్. గ్రూప్ 2 కూడా అదే మిషన్ మీద, అవే టైముల్లో రాసి పాసయ్యాను.

మీకు కొత్త స్కీమ్. ఆరే పేపర్లు, ఆర్టికల్‌షిప్ రెండేళ్లే, అది అయ్యాక ఫైనల్ రాసే ముందు చదువుకోడానికి ఆరు నెలలు, పరీక్షలు ఏడాదికి మూడుసార్లు. మాకు ఇవేవీ లేవు. కానీ "ఆ ఆరు నెలల్లో చూసుకుందాంలే" అని ఇప్పుడు పుస్తకం మూసేస్తే, రోజంతా ఖాళీగా ఉన్నప్పుడు కూర్చోవడం ఇంకా కష్టమవుతుంది. అలవాటు ఇప్పుడే పడాలి, చిన్నదైనా సరే. మీరు ఎనిమిదింటికి ఇంటికి వస్తున్నారు కాబట్టి పొద్దున గంటన్నర, రాత్రి అరగంట చాలు.

ఈ రాత్రి ఆర్‌టీపీలోంచి అయిదు మార్కుల ప్రశ్న ఒక్కటి తీసి, తొమ్మిది నిమిషాలు పెట్టుకుని రాయండి. రేపు రాత్రి ఏ ప్రశ్న రాయాలో అదే పేజీ అడుగున ఇప్పుడే రాసి పెట్టుకోండి. రేపు ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చాక ఏం చదవాలా అని వెతుక్కునే ఓపిక ఉండదు.