సముద్రం ఎదురుగా ఉన్నా ఈత కొట్టకూడదు

ప్రశ్న: అక్కా నమస్తే. మా తమ్ముడు అమెరికాలో, యూటాలో ఎం.ఎస్. చేస్తున్నాడు. వాళ్ల ఇంటి ఓనర్ కొడుకు స్కూల్ చదువు కాగానే పసిఫిక్ సముద్రంలోని సమోవా అనే దీవుల దేశానికి రెండేళ్లు మతప్రచారానికి పోయాడట. జీతం లేదట, పైగా ఇంట్లోవాళ్లే నెలనెలా డబ్బు కడతారట. పద్దెనిమిదేళ్ల పిల్లాడు అక్కడ రోజంతా ఏం చేస్తాడు? బీచ్‌లో తిరిగి రావడమేనా?
– ఓ పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమే చెల్లీ. ఆ ఓనర్‌వాళ్లది అందరూ మోర్మన్లు అని పిలిచే క్రైస్తవ చర్చి అయి ఉంటుంది, దాని కేంద్రం యూటాలోని సాల్ట్ లేక్ సిటీ. ఆ ఇళ్లలో మగపిల్లలు 18 నిండాక రెండేళ్లు మిషన్‌కు వెళ్లడం మామూలే. ఆడపిల్లలూ వెళ్తారు, వాళ్లకు ఏడాదిన్నర. ఎక్కడికి పోవాలో పిల్లాడి చేతిలో లేదు, అప్లికేషన్ పెట్టుకుంటే చర్చి పెద్దలు నిర్ణయించి కబురు పంపుతారు, అది సమోవా కావచ్చు, బ్రెజిల్ కావచ్చు, పక్క రాష్ట్రమే కావచ్చు. డబ్బు విషయం కూడా నిజమే. అమెరికా కుటుంబాలకు 2020 జులై నుంచి నెలకు 500 డాలర్లు పెట్టారు, అంతకుముందు 400 ఉండేది, పిల్లాడు ఏ దేశంలో పడినా అదే లెక్క. మన పాలమూరు పిల్లాడు ఆ వయసులో ముంబైకో దుబాయ్‌కో పోతే ఇంటికి డబ్బు పంపుతాడు, ఇక్కడ ఇంటి నుంచే డబ్బు పోతుంది, అందుకే మనకు నమ్మబుద్ధి కాదు.

ఇక బీచ్ సంగతి. మిషన్‌లో ఉన్నన్నాళ్లు ఈత నిషేధం! చుట్టూ సముద్రమే, ఊరి పిల్లలందరూ దూకుతుంటారు, ఈయన మాత్రం తెల్ల చొక్కా వేసుకుని, గుండెల మీద నల్లటి నేమ్‌ప్లేటు పెట్టుకుని ఒడ్డు వెంట నడిచిపోవాల్సిందే. కింద ప్యాంటు ఉండదు, సమోవా మగవాళ్లు కట్టుకునే లుంగీలాంటి లావాలావానే, జేబులు కుట్టించినది. ఆ ఉక్కకు ప్యాంటు కంటే అదే నయం.

పొద్దున ఆరున్నరకు లేవాలి. కాసేపు వ్యాయామం, తర్వాత గ్రంథం చదువుకోవడం, భాష నేర్చుకోవడం. ఆ తర్వాత బయటికి పోతే చీకటి పడేదాకా ఇళ్ల వెంట తిరగడమే, రాత్రి పదిన్నరకల్లా పడుకోవాలి. సినిమాల్లేవు, ప్రేమల్లేవు. వారంలో ఒక రోజు కొంత వెసులుబాటు ఇస్తారు కానీ ఆ పూట కాస్తా బట్టలు ఉతుక్కోవడానికి, సామాను తెచ్చుకోవడానికి, ఇంటికి ఉత్తరం రాయడానికే సరిపోతుంది. 2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోన్ చేయాలంటే ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కూ మదర్స్ డేకీ. ఇప్పుడు వారానికోసారి వీడియో కాల్ కూడా చేసుకోవచ్చు.

నన్నడిగితే వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటుంది. ఇద్దరిద్దరిని జంటగా పెడతారు, ఆ రెండోవాణ్ని కూడా చర్చే పెడుతుంది, బాత్‌రూమ్‌కు తప్ప ఒకణ్ని వదిలి ఇంకొకడు ఎక్కడికీ పోకూడదు. వాడు గురక పెట్టినా, అలిగినా, అన్నం తినేటప్పుడు చప్పుడు చేసినా నీకు వాడే దిక్కు, మళ్లీ మార్చేదాకా. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు పేర్లు పక్కనపెట్టి స్వామీ అని పిలుచుకున్నట్టు వీళ్లు ఇంటిపేరు ముందు ఎల్డర్ అని పెట్టి పిలుచుకుంటారు. కాకపోతే మాల నలభై ఒక్క రోజులకు తీసేస్తారు, వీళ్లకు రెండేళ్లు.

తలుపులు తట్టి తిరుగుతారని రాస్తుంటారు కానీ సమోవా పాత తరహా ఇంటికి తట్టడానికి తలుపే ఉండదు. ఫాలే అంటారు, స్తంభాలు, పైకప్పు, అంతే, గోడలుండవు. లోపల చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, పెద్దవాళ్ల వైపు కాళ్లు చాపితే అవమానం. వాళ్లు కూర్చుని ఉంటే నిలబడి మాట్లాడటం కూడా తప్పే, అమెరికా పిల్లలు మొదట్లో ఇక్కడే దొరికిపోతారు. భోజనం అతిథికే ముందు, ఇంటివాళ్లు తర్వాత తింటారు, కాబట్టి ఒద్దంటే కుదరదు: చామగడ్డ, బ్రెడ్‌ఫ్రూట్ కాయ, లేత చామాకుల్లో కొబ్బరి పాలు పోసి వేడి రాళ్ల మీద ఉడికించిన పాలుసామి. సాయంత్రం గంటో శంఖమో మోగితే ఊరంతా ప్రార్థనకు కూర్చుంటుంది, ఆ కాసేపు ఊళ్లోంచి నడిచి పోకూడదు, ప్రచారానికి వచ్చినవాళ్లైనా సరే ఆగాల్సిందే. ఇందులో తమాషా ఏంటంటే సమోవాకు 1830లోనే లండన్ మిషనరీలు వచ్చారు, మోర్మన్ల మిషన్ అధికారికంగా మొదలైంది 1888లో. అంటే వీళ్లు పోయి చెప్పేది చాలావరకు ఆదివారం చర్చి మానని జనానికే. మర్యాదగా కూర్చోబెడతారు, కడుపు నిండా పెడతారు, మా చర్చి మాకుంది నాయనా అని పంపించేస్తారు. తిట్టి పంపితే మరచిపోవచ్చు గానీ, ఇలా పెట్టి పంపితే ఏమనాలి?

ప్రశ్న: ఈ మోర్మన్లు చాయ్ కూడా తాగరట కదా? చాయ్ లేకుండా మనిషి పొద్దున్నే లేచి ఏం చేస్తాడు మేడమ్?
– చాయ్ ప్రేమికుడు, సూర్యాపేట

జవాబు: తాగరు. చాయ్, కాఫీ, మందు, పొగాకు నాలుగూ బంద్, 1833 నుంచి వాళ్లకున్న ఆరోగ్య నియమం అది. కోకోకు మాత్రం అభ్యంతరం లేదు, సమోవాలో కోకో గింజలు వేయించి దంచి చక్కెరతో మరిగించే కోకో సమోవా ఇంటింటా ఉంటుంది. చిక్కగా, అడుగున నలకలు పేరుకునేటట్టు ఉంటుంది. మీకు టెన్షన్ అక్కర్లేదు, మిమ్మల్ని ఎవరూ పిలవట్లేదు.

ప్రశ్న: మా దగ్గర మెన్నోనైట్ మిషన్ వాళ్ల పాత చర్చి ఉంది. మోర్మన్లూ వాళ్లూ ఒకటేనా? మన తెలుగువాళ్లకు ఈ మోర్మన్లతో ఏమైనా సంబంధం ఉందా?
– డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: ఒకటి కాదు. మెన్నోనైట్లు పదహారో శతాబ్దపు యూరప్ నుంచి వచ్చిన క్రైస్తవ శాఖ. నల్గొండకు 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు ఆ శాఖవాళ్లే, వాళ్ల తర్వాత వచ్చినవాళ్లు మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపూ పనిచేశారు. వాళ్లు వస్తే ఇక్కడే పాతికేళ్లు, ముప్పై ఏళ్లు ఉండిపోయేవాళ్లు. మోర్మన్ చర్చి 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ పెట్టింది, దాని కుర్ర మిషనరీకి భాష నోటికి వచ్చేసరికి తిరుగు టికెట్ తయారవుతుంది.

తెలుగు సంబంధం ఉంది, చిత్రంగా అది కూడా సమోవా నుంచే. ఎడ్విన్ ధర్మరాజు అనే కీటక శాస్త్రవేత్త, ఆయన భార్య ఎల్సీ ఉద్యోగరీత్యా సమోవాలో ఉన్నప్పుడు ఈ చర్చిలో చేరారు. 1978 డిసెంబరులో చర్చి వాళ్లనే మిషనరీలుగా హైదరాబాద్ పంపింది, సొంత బంధువుల్లోనే ఇరవై మందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. 2012లో మన దేశంలో వాళ్ల మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాలు కలిపిన పెద్ద యూనిట్, హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో చదువుతూ ఈ చర్చిలో చేరాడు. ఇప్పుడు మిషన్‌కు పోతానంటున్నాడు, ఫిజీనో సమోవానో వస్తుందని ఆశపడుతున్నాడు. వాళ్ల నాన్న మాట్లాడటం మానేశారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఓ తల్లి, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, ముందు నాన్నగారిని మాట్లాడమనండి. మాట్లాడని ఇంటి నుంచి పోయిన పిల్లాడు అక్కడ ఇబ్బంది పడ్డా చెప్పడు. మతం విషయంలో మేజర్ అయిన కొడుకును ఆపమని నేను చెప్పను, వెళ్లమనీ చెప్పను. అతన్ని కూర్చోబెట్టి రెండు మాటలు అడగండి. ఇది నీ ఇష్టమా, తోటివాళ్లు పోతున్నారనా? మధ్యలో చేతకాకపోతే తిరిగి వచ్చేయగలవా? అట్లా ముందే వచ్చేసినవాళ్లు ఊళ్లో తలెత్తుకోలేక నలిగిపోవడం యూటాలోనే ఉంది, కాబట్టి ఎప్పుడు వచ్చినా మన ఇంటి తలుపు తెరిచే ఉంటుందని వాళ్ల నాన్న నోటితోనే చెప్పించండి. ఖర్చు నెలకెంత, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, ఈ మూడూ అక్కడి చర్చి పెద్దలను మీరే స్వయంగా కలిసి అడగండి, సిగ్గుపడకండి.

దీవుల ఆశ మాత్రం అతనికే వదిలేయండి. బెంగళూరు, ఢిల్లీ కేంద్రంగా మన దేశంలోనే మిషన్లున్నాయి, అటు పడొచ్చు. నిజంగా సమోవాయే పడితే వాళ్ల గడియారం మనకంటే ఏడున్నర గంటలు ముందు, అక్కడ సోమవారం పొద్దున ఆరున్నరైతే మీకు ఆదివారం రాత్రి పదకొండు, ఫోన్ కోసం మేలుకుని ఉండాలి. ఇంకో మాట, డిగ్రీ ఫైనల్ పరీక్షలు రాశాకే అప్లికేషన్ పెట్టమనండి, బ్యాక్‌లాగులుంటే అవి కూడా.