వెన్నులో మత్తు ఇంజెక్షన్ వల్ల పాలు తగ్గుతాయా?

ప్రశ్న: నాకిప్పుడు ఎనిమిదో నెల, తొలి కాన్పు. నొప్పులు తెలియకుండా వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ తీసుకోవాలనుకుంటున్నాను. అది తీసుకుంటే పాలు పడవనీ, బిడ్డ మత్తుగా పడుకొని రొమ్ము పట్టదనీ మా అత్తగారు భయపడుతున్నారు. నిజమేనా డాక్టరు గారూ?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ అత్తగారి భయం ఉత్తదేమీ కాదు గాని, అది ఎక్కువగా వర్తించేది వేరే మందుకు. నొప్పులు తగ్గడానికి కండకు ఇచ్చే పెథిడిన్ మాయ గుండా బిడ్డకు చేరుతుంది. అది విరిగినప్పుడు ఏర్పడే నార్‌పెథిడిన్‌ను పసికందు శరీరం చాలా నెమ్మదిగా వదిలించుకుంటుంది కాబట్టి, కాన్పుకు కొద్ది గంటల ముందు ఆ ఇంజెక్షన్ ఇచ్చిన తల్లుల పిల్లలు మందకొడిగా ఉండి, రొమ్ము పట్టడానికి ఆలస్యం చేయడం మేము చూస్తూనే ఉంటాం.

ఎపిడ్యూరల్‌లో సాధారణంగా బుపివకెయిన్ వంటి తిమ్మిరి మందుతో పాటు ఫెంటానిల్ అనే నొప్పి మందును కొద్దిగా కలుపుతారు. ఇవి పాలలోకి చేరేది అత్యల్పం. పైగా పాలు పడడానికి మూలం మాయ బయటపడ్డాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఒక్కసారిగా పడిపోవడం. దాన్ని ఈ ఇంజెక్షన్ ఆపలేదు. ఫెంటానిల్ మోతాదు ఎక్కువైన తల్లులలో కొందరు త్వరగా పాలివ్వడం మానేశారని 2005 నాటి ఒక పరిశోధన సూచించింది. 2017లో వెలువడిన మరొక పరిశోధనలో, నేడు వాడే తక్కువ మోతాదులతో ఆరు వారాల నాటికి తేడా కనిపించలేదు. అయితే అందులో పాల్గొన్నవారు అంతకుముందు బిడ్డకు పాలిచ్చిన అనుభవం ఉన్న తల్లులు. మీది తొలి కాన్పు కనుక ఆ భరోసాను మీకు యథాతథంగా అన్వయించలేను. మీకు చేయి పట్టి నేర్పేవారు అవసరమని మాత్రం చెప్పగలను.

ఇంకొక సంగతిని చాలామంది గమనించరు. నొప్పుల సమయంలో సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తే తల్లి రొమ్ములు నీరు పట్టి బిగుస్తాయి, బిడ్డ పుట్టిన బరువులోనూ కొంత నీరు చేరుతుంది. మరునాటికి ఆ నీరు పోయి బరువు తగ్గగానే పాలు చాలడం లేదని డబ్బాపాలు మొదలుపెట్టేస్తారు, అసలు నష్టం తరచూ అక్కడే జరుగుతుంది.

మీరు ఘోషాసుపత్రికి వెళ్లినా, సీతమ్మధారలో ఏదైనా నర్సింగ్ హోముకు వెళ్లినా, రాత్రివేళ మత్తు డాక్టరు అందుబాటులో ఉంటారా, బిడ్డను పుట్టగానే మీ గుండెల మీద పడుకోబెడతారా అని ఇప్పుడే అడగండి. మొదటి గంటలోనే రొమ్ము పట్టించాలి. మత్తుగా ఉండి పట్టకపోతే ముర్రుపాలు చేత్తో పిండి చెంచాతో పట్టించవచ్చు. తేనె మాత్రం, ఎవరు చెప్పినా, నాకించవద్దు. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వండి. కాన్పు తరువాత నొప్పులకు పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ సాధారణంగా పాలిచ్చే తల్లికి ఇబ్బంది కలిగించవు. ట్రమడాల్, కోడీన్ రాస్తే పాలిస్తున్న సంగతి డాక్టరుకు గుర్తు చేయండి. అయిదో రోజు దాటినా బిడ్డ రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోయకపోయినా, పాలకు లేపినా లేవకపోయినా, అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించండి.